కలహం లేని బిళ్ళ

"గుండ్రంగ కొయ్యుమంటె కొరికిన అప్ప లెక్క కోసిండు సూడు మా బైండరు" అంటూ కామారెడ్డి అచ్చాఫీసులో కిష్టయ్య ఒక అట్టబిళ్ళను సాబేరా చేతిలో పెట్టాడు.

రూపాయి బిళ్ళకంటే కొంచెం పెద్దది. ఒకవైపు నీలంరంగులో చిన్న గుడి బొమ్మ, పక్కనే త్రిశూలం. అంచు ఒకచోట నొక్కుకుపోయి, ఒకచోట పొడుచుకొచ్చి ఉంది. ఇలాంటి పని తను చేసి ఉంటే రాత్రికి అన్నం సహించేది కాదు సాబేరాకు.

"ఇవేంది కిష్టయ్యన్నా? నేనొచ్చింది మంత్రుల కార్డుల కోసం గదా."

"మంత్రులు గా కట్టల ఉన్నరు. పదహారు రకాలు, రకానికి ఐదువందలు. ఇవి మతం బిళ్ళలు. ఒకటే ఆటకు గదా రెండు?" కిష్టయ్య కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. "నీకు తెల్వదా? టీచరమ్మ చెప్పలే?"

"చెప్పలే."

"మరి నన్ను గీడ్నే కోపియ్యమన్నది. సాబేరాకు పని ఎక్కువైతది అన్నది. ఒక కాయిదం కోపిచ్చి సూసిన, గిట్లున్నది కత. ఎట్లాగు ఎల్లారెడ్డికే పోతున్నవు, మిగిలినయి నువ్వే పట్టుకపో. గీ నియమాల కాయిదం గూడ టీచరమ్మకియ్యి. ప్రూఫు అది. తప్పులు దిద్ది పంపితె అచ్చేస్త. బళ్ళు తెరిచేటాల్లకు డబ్బాలు దుకాణంల ఉండాలె మల్ల."

సాబేరా ఆ బిళ్ళను కట్టలోకి తోసేసింది. తను కొన్న అట్టల మోపు పైన రెండు కట్టలూ పెట్టించుకుని, ప్రూఫు కాగితం మడతపెట్టి సంచిలో వేసుకుని బస్టాండుకు నడిచింది. మే నెల ఎండకు బుర్ఖా వీపుకు అతుక్కుపోతోంది. ఎండ సంగతి ఆమెకు పట్టలేదు. సాబేరాకు పని ఎక్కువైతది. రోజుకు నూరు మిఠాయి డబ్బాలు మడిచే మనిషికి, గుండ్రటి ఇనుపగొట్టం పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే ఊడిపడే బిళ్ళలు ఎక్కువ పనా?

విమలమ్మ టీచరు ఎల్లారెడ్డి ఆడపిల్లల బడిలో సోషలు చెబుతుంది. సాబేరా అదే ఊళ్ళో మిఠాయి దుకాణాలకూ బట్టల దుకాణాలకూ అట్టడబ్బాలు చేసి ఇస్తుంది. పన్నెండేళ్ళ కిందట, 1981లో, విమలమ్మ ఒక చార్టు పట్టుకుని సాబేరా వాకిట్లోకి వచ్చింది. రాజుల పేర్లు పిల్లల తలకెక్కడం లేదనీ, అందుకోసం ఒక ఆట తయారుచేశాననీ, దాన్ని మడతపడే బోర్డుగా చేసిపెట్టమనీ అడిగింది. నలుగురు ఆడేవాళ్ళు. కాకతీయ, బహమనీ, రాచకొండ, విజయనగరం రాజులు. గవ్వలు వేసి ఊళ్ళు పట్టుకోవాలి, కోటలు కట్టాలి, చెరువులు తవ్వాలి. చెరువుకు ఏడాదికి, అంటే ఆటలో ఒక చుట్టుకు, ఇన్ని గింజలని వస్తాయి. గింజలంటే చింతగింజలే. పన్నెండు ఊళ్ళు ఎవరికొస్తే వాళ్ళది గెలుపు.

బోర్డు చేసి ఇచ్చిన రోజే సాబేరా ఆటలో ఒక తప్పు పట్టింది. విమలమ్మ వాదించింది. సాబేరా ఆడి చూపించింది. అప్పటి నుంచి నియమాలు రాసేది విమలమ్మ అయితే విరగ్గొట్టేది సాబేరా. ఉర్దూ బడిలో ఏడో తరగతితో చదువాపేసిన సాబేరాకు తెలుగు అక్షరాలు వచ్చింది కూడా ఆ కార్డులు కోస్తూ కోస్తూనే. కామారెడ్డి పుస్తకాల దుకాణంలో ఏటా ఈ ఆట డబ్బాలు రెండువందల దాకా పోతాయి. అయితే ఈమధ్య పిల్లలు తెలివి మీరిపోయారు. మొదట ఎవడు రెండు చెరువులు తవ్వితే వాడే గెలుస్తాడని కనిపెట్టేసి సగంలోనే లేచిపోతున్నారు. అందుకే ఈ ఏడు పాత ఆటకు కలుపుకునేట్టు ఒక కొత్త పొట్లం వేయాలనుకున్నారు ఇద్దరూ. "ఈసారి మంత్రులు" అని చెప్పింది విమలమ్మ. మతం మాట ఎత్తలేదు.

లింగంపేట దాటాక బస్సు కొంచెం ఖాళీ అయింది. సాబేరా కిటికీ పక్కన కూర్చుని ప్రూఫు విప్పింది.

మంత్రుల భాగం తనకు తెలిసిందే. ప్రతి కార్డు మీదా రెండు అంకెలు. పైన తెలివి, కింద నమ్మకం. తెలివి ఎక్కువైనవాడికి నమ్మకం తక్కువ. రాజు గాదెలో మూడు గింజలకంటే తగ్గితే నాలుగు గవ్వలు వేయాలి. నమ్మకం అంకెకంటే ఎక్కువ గవ్వలు వెల్లకిలా పడితే ఆ మంత్రి పక్క రాజు దగ్గరికి పోతాడు. చలికాలమంతా దాన్ని సరిచేస్తూనే ఉన్నారు.

దాని కింద మతం. నాలుగు రకాల బిళ్ళలు. శివుడి గుడి, విష్ణువు గుడి, జైనుల బసది, మసీదు. ఊరికొక బిళ్ళ, రాజుకొక బిళ్ళ. రెండూ వేరైతే ఆ ఊళ్ళో కలహం పుట్టి ఏడాదికి ఒక గింజ నష్టం. రాజు రెండు గింజలు పెట్టి ఆ ఊరి పండుగ చేయిస్తే ఆ ఏడు కలహం ఉండదు. బాగుంది, అనుకుంది సాబేరా. మనసు ఎలా ఉన్నా ఆట బాగుందని ఒప్పుకోక తప్పలేదు. ఇప్పుడు చెరువులొక్కటే చూసుకుంటే సరిపోదు, రాజు నాలుగు దిక్కులూ చూసుకోవాలి.

చివరి వాక్యం దగ్గర ఆగిపోయింది. 'మసీదు బిళ్ళ ఉన్న ఊరికి కలహం లేదు. పండుగ ఖర్చు లేదు. ఆ ఊరిమీదికి ఏ రాజూ సేనను పంపరాదు.'

రెండుసార్లు చదివింది. మూడోసారి వేలు పెట్టి చదివింది. ఎల్లారెడ్డి వచ్చేదాకా ఆ కాగితం అలాగే ఒళ్ళో ఉండిపోయింది.

ఇంట్లో ఆమె భర్త ఇస్మాయిల్ మంచం మీద కూర్చుని కుట్టుమిషను చక్రానికి నూనె పెడుతున్నాడు. సంగతి విని తల కూడా ఎత్తలేదు. "మంచికే రాసిందిలే. మనోళ్ళను ఏమనొద్దని రాసింది. పైసలొచ్చే పని, కోసియ్యి. మనసుకు పెట్టుకుంటవెందుకు?"

"మంచికే రాస్తే నాకెందుకు చూపియ్యలే?"

ఇస్మాయిల్ ఇంకో చుక్క నూనె వేశాడు. చక్రాన్ని ఒకసారి తిప్పి చూసుకున్నాడు.

మనసుకు పెట్టుకోవడం ఇవాళ మొదలు కాలేదు. అయోధ్య వార్త వచ్చిన డిసెంబరు నుంచీ విమలమ్మ మారింది. రాకపోకలు మానలేదు. మానితే ఆ ఒక్క బాధతో పోయేది. మంచిగా మాట్లాడటం మొదలుపెట్టింది. అంతకుముందు కార్డు ఒక నూలుపోగు వంకర పోతే "కత్తెర పట్టిన చెయ్యా, కొడవలి పట్టిన చెయ్యా అది?" అని ముఖాన కొట్టినట్టు అనేది. ఇప్పుడు ఏం చూపించినా "శాన బాగున్నయి సాబేరా" అంటోంది. అనుమానం వచ్చి ఫిబ్రవరిలో ఒకరోజు కావాలనే మూత పట్టని డబ్బా తీసుకెళ్ళింది సాబేరా. విమలమ్మ ఆ మూతను రెండు చేతులతో నొక్కి, అది మళ్ళీ పైకి లేస్తే మళ్ళీ నొక్కి, "బాగుంది" అంది. ఆ రోజు ఇంటికి వస్తూ సాబేరా దారంతా అదే తలుచుకుంది. పోట్లాడుకుని విడిపోయినవాళ్ళను చూసింది గానీ, మర్యాద చేసి చేసి దూరమైపోయే మనిషిని ఎలా పట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

మర్నాడు మధ్యాహ్నం బోర్డూ బిళ్ళలూ పట్టుకుని పక్కింటి మంగవ్వ అరుగు మీదికి వెళ్ళింది. కూతురు సాలెహాను కూడా వెంటబెట్టుకుంది. కొత్త నియమం ఏదైనా సరే మంగవ్వ అరుగు మీద నిలబడితేనే నిలబడినట్టు. మంగవ్వా, కోడలు బాలలక్ష్మీ ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. వాళ్ళ చేతులు వాళ్ళ పని చేస్తూనే ఉంటాయి, గవ్వలు వేయాల్సి వచ్చినప్పుడు మాత్రం తంబాకు దులుపుకుంటారు.

సాబేరా నియమాలన్నీ చదివి వినిపించింది. చివరి వాక్యం వినగానే మంగవ్వ చాట పక్కన పెట్టేసింది.

"గట్లయితె గా మసీదు బిళ్ళలన్ని నాకే ఇయ్యుండ్రి. కొట్లాట లేదు, ఖర్సు లేదు. ఇంకేం గావాలె?"

"అత్త ఉషారు సూడుండ్రి" అంది బాలలక్ష్మి. "బీడీల కట్టలు లెక్కవెట్టేటప్పుడు ఉండదు గీ ఉషారు."

"నోర్మూసుకొని గవ్వలెయ్యి."

మంగవ్వ బహమనీ రాజయింది. నాలుగు ఊళ్ళలో మసీదు బిళ్ళలు పరిచింది. సాలెహా విష్ణువు గుడి ఊరు కాపాడుకోవడానికి చెమటలు కక్కుతోంది. బాలలక్ష్మి మంత్రి గింజలు లేక సాబేరా వైపు గోడ దూకాడు. బాలలక్ష్మి వాణ్ణి ఏడు తరాల దాకా తిట్టింది. అరుగంతా గోలగోలగా ఉంది. ఆ గోల మధ్య మంగవ్వ ఒక్కతే గింజలు కుప్ప పోసుకుని కూర్చుంది. ఆరో చుట్టుకు ఆమె ముఖం మాడిపోయింది.

"ఇగ నేనేం జెయ్యాలె?"

"ఏం జెయ్యొద్దు అవ్వా. నీకు నష్టం లేదు. నీ మీదికి ఎవ్వలు రారు" అంది సాలెహా.

"కూసునేటందుకు ఆటెందుకే? కూసుంటె ఇంట్ల కూసోనా?"

"అత్తా, నువ్వు ఆటలో అరటిపండువైనవు" అని బాలలక్ష్మి పకపకా నవ్వింది.

సాలెహా కూడా నవ్వింది. సాబేరాకు మాత్రం ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. చిన్న పిల్లలు వెంటపడి ఏడిస్తే పెద్ద పిల్లలు ఆటలోకి రానిస్తారు గానీ, వాళ్ళను ముట్టుకోరు, ఔట్ చేయరు. ఆడుతున్నామని వాళ్ళు అనుకుంటారు, ఆట మాత్రం వాళ్ళ పక్క నుంచి పోతూ ఉంటుంది. ఆరు నెలలుగా తనకు జరుగుతున్నది ఇదే.

మంగవ్వ ఇంకా వదల్లేదు. "అయినా మసీదున్న ఊర్లె పండుగ ఖర్సు లేకపోవుడేందే? పీర్ల పండుగ ఊకెనే అయితదా? మా బీర్కూర్ల పీర్లకు నిప్పుల గుండం తవ్వేది మా తాతనే. ఊరంత కట్టెలు మోస్తుండె, బియ్యం పోస్తుండె. ఎవలు తక్కువ పోసిన్రని ఏడాది పొడుగు గులుగుతుండె. గీ కాయిదం రాసినోళ్ళకు ఊరు తెల్వదు."

"రాసింది విమలమ్మ టీచరు" అంది సాబేరా.

మంగవ్వ చాటను మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది. ఒక ఆకు తీసి, తంబాకు వేసి, చుట్టి, దారం బిగించింది. "ఆమెకు తెల్వనిదా?" అంది చివరికి. "గట్లయితె భయంతోని రాసింది. కొత్తల్లుడు ఇంటికొస్తె పీటేసి కూసోవెట్టి, దగ్గరికి పోతె ఏమంటడో అని దూరంకెల్లి సూస్తరు సూడు, గట్ల."

"నేనేమన్న కొత్తల్లున్నా అవ్వా?"

"గా మాట నన్నడుగుతవేంది? ఆమెనడుగు పో."

సాబేరా మర్నాడు పొద్దున పదింటికి వెళ్ళింది. విమలమ్మ ఇల్లు మండలాఫీసు వెనక పెంకుటిల్లు. భర్త రాములు ఆఫీసుకు వెళ్ళిపోయాడు. విమలమ్మ వసారాలో చేటలో కందిపప్పు పోసుకుని రాళ్ళు ఏరుతోంది. సాబేరా చంకలో బోర్డునూ, చేతిలో బిళ్ళల కట్టనూ చూడగానే ఆమె చేతులు పప్పులోనే ఆగిపోయాయి.

"కిష్టయ్య ఇచ్చిండా?"

"ఇచ్చిండు."

"నేనే చెప్దామనుకున్న సాబేరా. మంచి టైం చూసి... కూసో, ముందు చాయ్ పెడత."

"చాయ్ తర్వాత. ఒక ఆట ఆడుదాం."

విమలమ్మ కాదనలేదు. ఇప్పుడు దేనికీ కాదనదు. బోర్డు నేల మీద పరిచారు. సాబేరా బహమనీ రాజు, విమలమ్మ కాకతీయ రాజు. సాబేరా మొదటే చెప్పింది, మసీదు బిళ్ళకు కూడా మిగతావాటి లెక్కే, చివరి వాక్యం లేనట్టే ఆడాలని. విమలమ్మ తల ఊపింది.

నాలుగు చుట్లు సాఫీగా సాగాయి, మరీ సాఫీగా. సాబేరా కావాలనే ఒక ఊరికి కాపలా పెట్టకుండా వదిలింది. విమలమ్మ సేన ఆ ఊరి గడప దాకా వచ్చి పక్కకు తిరిగిపోయింది. ఐదో చుట్టులో సాబేరా గాదెలో రెండే గింజలు మిగిలాయి. గవ్వలు వేసి మంత్రి ఉంటాడో పోతాడో చూడాలి. గవ్వలు అందుకుంటుంటే విమలమ్మ చెయ్యి అడ్డుపెట్టింది.

"ఈసారికి వద్దులే. నీ దగ్గర గింజలే లేవు, పాపం."

సాబేరా గవ్వలు కింద పెట్టేసింది. "పాపమా?"

"అంటే..."

"నిరుడు గీ దినాలల్లనే నా తొమ్మిది ఊర్లు గుంజుకున్నవు. నేను ఏడుపు మొఖం పెడితె 'మీ అమ్మీని సూడు' అని సాలెహాకు సూపెట్టి నవ్వినవు. అప్పుడు లేని పాపం ఇప్పుడెక్కడికెల్లొచ్చింది టీచరమ్మా? మూత పట్టని డబ్బా తెస్తె బాగుందన్నవు. బిళ్ళలు కోసే పని ఇంకొకనికిచ్చినవు. మసీదు బిళ్ళను ఎవ్వలు ముట్టొద్దని రాసినవు. నేను నీకేం జేసిన?"

"నువ్వేం జెయ్యలే." అంది విమలమ్మ. "నిన్ను బాధపెట్టొద్దని..."

"బాధపెట్టు. ఎప్పుడు పెట్టలేదా?"

విమలమ్మ చేట తీసుకుని మళ్ళీ పప్పు ఏరబోయింది. ఒక రాయి తీసి పక్కన పెట్టింది. ఇంకొకటి తీసింది. అది రాయి కాదు, పప్పుబద్దే. దాన్ని చూస్తూ చెప్పింది.

"డిసెంబర్ల పేపర్ల గా వార్తలొస్తుండె గదా. స్టాఫ్‌రూంల ఒకాయన ఒక మాటన్నడు. ఆయన పేరెందుకులే."

"ఏమన్నడు?"

"వద్దు సాబేరా."

"నా గురించే గదా. చెప్పు."

"'టీచరమ్మా, గా డబ్బాలామె ఇంటికి పోవుడు ఇగ బందు పెట్టుండ్రి. గా ఇండ్లల్ల ఏమేముంటయో ఎవలకు తెల్సు' అన్నడు. అందరు నవ్విన్రు." విమలమ్మ పప్పుబద్దను చేటలో వేసేసింది. "నేను గూడ నవ్విన."

బయట రోడ్డు మీద బస్సు ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది.

గా ఇండ్లల్ల ఏమేముంటయో. సాబేరాకు తన ఇల్లు కళ్ళముందుకొచ్చింది. మైదా జిగురు గిన్నె. గోడవారన అట్టముక్కల కుప్ప. సాలెహా పదో తరగతి పుస్తకాలు. ఇస్మాయిల్ తెచ్చిపడేసే పాత మిషను చక్రాలు. ఆ ఇంట్లో విమలమ్మకు తెలియని మూల లేదు. ఉప్పు డబ్బా ఏ అరలో ఉంటుందో కూడా తెలుసు.

"మా ఇంట్ల ఏమేముంటయో నీకు తెల్సు గదా" అంది.

"తెల్సు."

"మరి చెప్పకపోతివి?"

"చెప్పకపోతిని." విమలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "గా దినం సాయంత్రమే మీ ఇంటికొచ్చిన. జామపండ్లు తెచ్చిన, యాదికుందో లేదో. బజారు తొవ్వల రాలే. వెనక గల్లికెల్లొచ్చిన, ఎవలన్న సూస్తరేమోనని. గప్పటిసంది నీ మొఖం సూస్తె నాకు నా నవ్వే యాదికొస్తది. ఏం మాట్లాడినా తప్పు మాట్లాడుతనేమో అని భయం. మసీదు గురించి నియమం రాద్దామని కూసుంటె పెన్ను ముందుకు సాగలే. కలహం అని రాస్తె నువ్వేమనుకుంటవో అని. ఎవ్వలు ముట్టొద్దని రాసేస్తె మంచిదనుకున్న."

జామపండ్లు సాబేరాకు గుర్తున్నాయి. సంచి నిండా తెచ్చింది. ఇంత ప్రేమ ఏమిటా అని ఆ సాయంత్రం ఆశ్చర్యపోయింది. ఇస్మాయిల్‌కు చెప్పుకుని మురిసింది కూడా. ఇప్పుడు ఆ మురిపెం తలుచుకుంటే చెవులు వేడెక్కాయి.

లేచి వెళ్ళిపోదామనుకుంది. బోర్డు మడిచి చంకన పెట్టుకుని, 'సరే టీచరమ్మా, పోయొస్త' అని మెల్లిగా చెప్పి వెళ్ళిపోవచ్చు. విమలమ్మ గేటు దాకా వచ్చి సాగనంపుతుంది. ఆ తర్వాత సంతలో కనిపిస్తే బాగున్నవా అంటే బాగున్నవా అని పలకరించుకుంటారు. బతికినన్నాళ్ళూ పలకరించుకుంటారు. అది కళ్ళముందు కనబడేసరికి సాబేరా లేవలేదు. మోకాళ్ళు ఇంకా దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఇప్పుడు నాకు కోపమొస్తున్నది" అంది.

"రావాలె."

"శాన వస్తున్నది. ఇప్పట్ల పోయేటట్టు లేదు."

"పోకున్నా సరే."

"నువ్వు సరే అంటె ఇంక ఎక్కువొస్తున్నది!" సాబేరా గొంతు పెరిగింది. "సరే అనకు. గా నవ్వు నీది, గీ కోపం నాది. దాన్ని నువ్వేం జెయ్యలేవు, జామపండ్లు తెచ్చినా గీ కాయిదం రాసినా. దాన్ని పక్కకువెట్టుకొనే ఆడుత. నువ్వు నీ లెక్క ఆడు. ఇంకొకసారి పాపం గీపం అన్నవంటె బోర్డు తీస్కపోత, మల్ల రాను. కిష్టయ్య బైండరుతోనే కొరికిన అప్పలు కోపిచ్చుకో."

విమలమ్మ చేతులకంటిన పప్పు దులుపుకుంది. తర్వాత చేటను గోడవారకు జరిపి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, బోర్డుకు దగ్గరగా వచ్చి కూర్చుంది.

"గవ్వలెయ్యి" అంది.

సాబేరా వేసింది. మంత్రి నమ్మకం రెండు. మూడు గవ్వలు వెల్లకిలా పడ్డాయి.

"పోయిండు" అంటూ విమలమ్మ కార్డు లాక్కుంది.

"ఆగు ఆగు. రెండే పడ్డయి. గా మూడోది బోర్లనే పడ్డది, నీ కొంగు తాకి తిరిగింది."

"నా కొంగా? నా కొంగు గీడుంటె గవ్వ గాడున్నది."

"కుచ్చిళ్ళు సర్దుకున్నవు గదా, అప్పుడు పైట జారింది."

"కండ్లు కనవడ్తలేవా నీకు? మూడు! సదువురాని పిల్లగూడ చెప్తది మూడని!"

సాబేరా గవ్వలు ఏరి పక్కన పెట్టింది. మంత్రి పోయాడు. ఆ మంత్రి తెలివితోనే తర్వాతి చుట్టులో విమలమ్మ వచ్చి, కాపలా లేని ఊరిని ఎత్తుకుపోయింది. దాని పక్కనున్న ఇంకో ఊరినీ ఎత్తుకుపోయింది. ఏమాత్రం మొహమాటపడలేదు. రెండు బిళ్ళలు తీసి తన వైపు పెట్టుకుంది. కడుపులో కోపం కోపంగానే ఉండగా, సాబేరా తన చివరి చెరువును ఎలా కాపాడుకోవాలా అని ఆలోచించడం మొదలుపెట్టింది. రెండూ ఒకేసారి మనసులో పడతాయని ఆమెకు ఆ పొద్దున తెలిసింది.

మధ్యాహ్నానికి ఆట అయిపోయింది. సాబేరా ఓడింది. విమలమ్మ పెన్ను తెచ్చి ప్రూఫులో చివరి వాక్యాన్ని అడ్డంగా కొట్టేసింది.

"సేన వస్తది, కలహం ఉంటది. మరి పండుగకు ఎన్ని రాద్దాం? అన్నిటికి రెండు గింజలు, గీ ఊరికి గూడ రెండు?"

"పీర్ల పండుగ ఒక్క ఊరి ఖర్సుతోనే కాదు. పక్క ఊర్లు గూడ పెట్టాలె, ఏ బిళ్ళ ఉన్నా సరే. మంగవ్వ చెప్పింది, వాళ్ళ తాత గుండం తవ్వుతుండెనట."

"మంగవ్వ తాత రాజా? రాజు ఎందుకు ఒప్పుకుంటడు?"

"ఊరు ఒప్పుకుంటది. రాజునెవలడిగిన్రు?"

విమలమ్మ పెన్ను మూతతో నేల మీద తట్టింది. "అందరు కలిసి గింజలు పెడితె కలహం ఎట్లయితది? కలహం లేకుంటె మల్ల మొదటికే వచ్చినట్టు. ఆట నడవాల్నా వద్దా?"

"కలహం గాడ్నే అయితది. ఎవలు తక్కువ పెట్టిన్రో, గా ఊరికి గీ ఊరికి అయితది."

విమలమ్మ తలెత్తింది. పాత రోజుల్లో ఆటలో తప్పు పట్టినప్పుడు చూసినట్టే చూసింది, సగం కోపం, సగం దురాశ. వెంటనే కాగితం మీద వంగి రాయడం మొదలుపెట్టింది. సాబేరా తలకిందులుగా కనబడుతున్న ఆ అక్షరాలను ఇటు నుంచే చదువుతోంది.

"ఎన్ని గింజలు తక్కువైతె కొట్లాట?" అంది విమలమ్మ.

"ఒక్కటి."

"ఒక్క గింజకు కొట్లాటనా? మరీ అన్యాలం. ఎవలు నమ్ముతరు?"

"మీ స్టాఫ్‌రూంల ఎన్ని గింజలకైతది?"

విమలమ్మ పెన్ను ఆగింది. ఆమె చెంపలు ఎర్రబడటం సాబేరా చూసింది. మాట వెనక్కి తీసుకోలేదు, కళ్ళు కూడా తిప్పుకోలేదు.

"ఒక్కటే రాస్త" అంది విమలమ్మ, రాస్తూ. "గని కార్డు అంచులు ఈసారన్న సక్కగ కొయ్యి. పోయినేడువి ఎలుకలు కొరికినట్టున్నయి."